పెట్టెలో పహిల్వాన్లు - అరుగుల మీద పంచాయితీలు

టీవీ కుస్తీల నాటి ముచ్చట్లు నెమరువేసుకుంటున్న పల్లెలు

ఇబ్రహీంపూర్ (సిద్దిపేట జిల్లా): "అది నిజం కొట్లాటనా? ఉత్తుత్తిదా?"

ముప్పయి ఏండ్ల కిందట మన పల్లెల్లో అరుగుల మీద, చాయ్ హోటళ్ల కాడ, బడి గేటు ముందర ఇంతగా నలిగిన ప్రశ్న మరొకటి లేదు. దాని మీద అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. తండ్రీ కొడుకులు వాదులాడుకున్నారు. చాయ్ పందాలు, గోలీల పందాలు నడిచాయి. ఇంతకూ ఆ ప్రశ్నకు కారకులు ఈ దేశం వారు కారు. అమెరికా నుంచి ఆకాశమార్గాన వచ్చి టీవీ పెట్టెలో తిష్ఠ వేసిన పహిల్వాన్లు. ఆ ఆట పేరు డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. పల్లె నోటికి అది తిరగక కొందరు 'రెజిలింగు' అన్నారు. పెద్దలు మాత్రం 'టీవీ కుస్తీలు' అనే పిలుచుకున్నారు.

సిద్దిపేటకు చేరువలోని ఇబ్రహీంపూర్ గ్రామం పేరు జిల్లా ప్రజలకు కొత్త గాదు. అప్పటి మంత్రి టి. హరీశ్‌రావు దత్తత తీసుకున్న ఈ వూరు ఇంకుడు గుంతలతో, పచ్చని చెట్లతో పేరు తెచ్చుకుంది. పెద్దనోట్ల రద్దు తర్వాత 2016లో నగదు రహిత గ్రామంగా పత్రికల కెక్కింది. కార్డుతో, ఫోనుతో ఉప్పు పప్పు కొనవచ్చునని చాటిన వూరు ఇది. ఆ ఫోనులోనే ఇవాళ ఆనాటి కుస్తీల తునకలు గూడ దొరుకుతున్నాయి. నలభై దాటిన వారు వాటిని చూసి చిన్ననాటి రోజులు తలచుకుంటున్నారు. వారి పిల్లలేమో "ఇదంతా యాక్టింగు గదా నాయినా" అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. తండ్రులు ఏండ్ల తరబడి వాదించుకున్న సంగతిని పిల్లలు ఒక్క నిమిషంలో ముగిస్తున్నారు. మరి ఆ వాదం అంత తేలికగా ముగిసేదేనా? పాత సంగతులు కొన్ని గుర్తు చేసుకుంటే తప్ప అది తేలదు.

తాలీం నాటి సంగతి

టీవీ రాక ముందు తెలంగాణ పల్లెకు కుస్తీ తెలియనిది కాదు. ఉస్తాదు చేతి కింద తాలీంలో దండీలు, బస్కీలు తీసి, ఒంటికి నూనె పట్టించి, లంగోటి బిగించి బరిలో దిగిన పహిల్వాన్లు ఎన్నో వూళ్లలో వుండేవారు. తాలీంలో ఒక మూల హనుమంతుడి పటం వుండేది. బరి మన్ను తవ్వి, రాళ్లు ఏరి, మెత్తగా చేసి గాని ఆటకు దిగేవారు కాదు. ఎదుటివాడి రెండు భుజాలు మన్నుకు తగిలి, వీపు నేల కంటితే వాడు చిత్తు అయినట్టే. మూడో మాట లేదు.

నిజామాబాద్, కామారెడ్డి, సంగారెడ్డి జిల్లాల సరిహద్దు గ్రామాల్లో జాతరలకు, పండుగలకు కుస్తీ పోటీలు నేటికీ జరుగుతున్నాయి. వాటికి మహారాష్ట్ర, కర్ణాటక పహిల్వాన్లు గూడ వస్తుంటారు. పోటీలు కొబ్బరికాయ కుస్తీతో మొదలవుతాయి. అంటే గెలిచిన పిల్లవాడికి ఒక కొబ్బరికాయ బహుమానం. పోనుపోను నగదు పెరుగుతుంది. ఆఖరి కుస్తీకి వెండి కడియం. డప్పుల మోత నడుమ గెలిచినవాణ్ణి భుజాల మీద ఎక్కించుకొని వూరేగిస్తారు. నిజామాబాద్ జిల్లా హున్సాలో హోలీ నాడు కుస్తీలు ముగిసిన తర్వాత తాడుకు అటూ ఇటూ నిలబడి పిడిగుద్దులాట ఆడే ఆచారం గూడ వుంది. గుద్దుకున్న వారే ఆట అయిపోగానే ఆలింగనం చేసుకొని ఇళ్లకు పోతారు.

బలవంతులను కొలవడం తెలుగువారికి పాత అలవాటే. శ్రీకాకుళం ప్రాంతం వీరఘట్టంలో పుట్టి, రొమ్ము మీదకు ఏనుగును ఎక్కించుకొని 'కలియుగ భీముడు' అనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు 1942లో కన్నుమూశారు. ఆయన సర్కసును కళ్లారా చూసిన తరం పోయినా పేరు మాత్రం పోలేదు. బలమైన పిల్లవాణ్ణి చూస్తే నేటికీ కోస్తా పల్లెల్లో ఆయన పేరే చెబుతారు.

హనుమంతుడైన పహిల్వాన్

టీవీ పెట్టె పల్లెకు ఒక్కసారిగా రాలేదు. 1975-76లో ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు చూపించే ప్రయోగం జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ గూడ వుంది. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ మొదలయింది. 1982లో రంగుల టీవీ వచ్చింది. గల్ఫ్ దేశాలకు కూలి పనికి పోయిన వారు సెలవుకు వస్తూ టేపురికార్డరు, టీవీ, వీసీపీ మోసుకొచ్చేవారు. వూళ్లో ఒకరింట టీవీ వుంటే సాయంత్రానికి ఆ వాకిలి వూరి వాకిలి అయ్యేది.

1987 జనవరి 25న దూరదర్శన్‌లో 'రామాయణ్' ప్రారంభమయింది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర అయితే చాలు, పనులన్నీ ఆగిపోయేవి. హిందీ అంతా అర్థం కాకపోయినా కథ తెలిసినదే కాబట్టి ఎవరికీ అడ్డు రాలేదు. అందులో హనుమంతుడు తెర మీదకు రాగానే టీవీకి దండం పెట్టిన వారున్నారు. ఆ వేషం కట్టిన దారాసింగ్ నిజంగానే పహిల్వాన్ అన్న సంగతి పెద్దలకు తెలుసు.

దారాసింగ్ 1928లో పంజాబులోని అమృతసర్ జిల్లాలో పుట్టాడు. 1954లో రుస్తుం-ఎ-హింద్ అనిపించుకున్నాడు. 1959లో కలకత్తాలో కామన్‌వెల్త్ చాంపియన్ అయ్యాడు. 1968 మే 29న బొంబాయిలో అమెరికా మల్లుడు లూ థెజ్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అనిపించుకున్నాడు. కింగ్‌కాంగ్ అనే పేరుతో తిరిగిన భారీకాయుడైన హంగరీ మల్లుడితో ఆయన కుస్తీలు దేశమంతటా చెప్పుకున్నారు. 1983లో కుస్తీకి స్వస్తి చెప్పాడు. అరవైకి చేరువవుతున్న వయసులో గద పట్టి హనుమంతుడయ్యాడు. 2003 నుంచి 2009 దాకా రాజ్యసభ సభ్యుడుగా వున్నాడు. 2012 జూలై 12న మరణించాడు.

దారాసింగ్ ఆడినది గూడ తాలీం కుస్తీ కాదనీ, టికెట్లు పెట్టి జనాన్ని రంజింపజేసే కుస్తీ అనీ ఆనాడే విమర్శ వుండేది. అయినా దారాసింగ్ అంటే ఎవరికీ గౌరవం తగ్గలేదు. తాలీం గోడ మీద పటంలోని హనుమంతుడు, టీవీలోని హనుమంతుడు పల్లెవారి మనసులో ఒక్కటయ్యారు. ఆ పక్కనే అమెరికా పహిల్వాన్లకు గూడ చోటు దొరికింది.

కేబుల్ తీగ తెచ్చిన తమాషా

1991లో స్టార్ టీవీ ప్రసారాలు ఆకాశం నుంచి మొదలయ్యాయి. అందులోని ప్రైమ్ స్పోర్ట్స్ చానల్ ద్వారా అమెరికా కుస్తీలు మన దేశానికి వచ్చాయి. ముందుగా పట్టణాలలో, ఆ తర్వాత పెద్ద గ్రామాలలో కేబుల్ తీగలు పాకాయి. అప్పుడు సిద్దిపేట మెదక్ జిల్లాలో భాగం. కరెంటు ఎప్పుడు పోయేదీ, ఎప్పుడు వచ్చేదీ చెప్పలేని రోజులు. పహిల్వాన్ తాళ్ల మీద ఎక్కి దూకబోయే సమయానికి కరెంటు పోతే పిల్లలు బావురుమనేవారు. దూకాడా లేదా అన్నది మరునాడు పక్క వూరి పిల్లలను అడిగి తెలుసుకోవలసి వచ్చేది.

ఆ ఆట తీరే వేరు. మట్టి బరి లేదు. నాలుగు మూలల కట్టె, చుట్టూ తాళ్లు. పహిల్వాన్ వస్తుంటే దీపాలు, పొగ, పాట. ఒకడు రాజకుమారుడిలా నడిచి వస్తాడు. ఒకడు పాము సంచితో వస్తాడు. అందరికన్న మిన్నగా పల్లె పిల్లలను పట్టి వుంచింది అండర్‌టేకర్. నల్లకోటు, నల్లటోపీ వేసుకొని, గంట మోగుతుంటే చీకట్లోంచి అడుగులో అడుగు వేసుకొంటూ వచ్చేవాడు. వెంట అస్థికల కలశం పట్టుకొని తెల్లని ముఖంతో ఒక లావుపాటి మనిషి వుండేవాడు. ఆ కలశం ఎత్తితే అండర్‌టేకర్‌కు బలం వస్తుందని చూపేవారు.

అండర్‌టేకర్ చచ్చి బతికాడని, అతనికి ఏడు ప్రాణాలున్నాయని మన దేశమంతటా పిల్లలు చెప్పుకున్నారు. దానికి మూలం ఒక ఆట. 1994 జనవరిలో జరిగిన పోటీలో యోకోజునా అనే కొండంత మనిషి మరికొందరు పహిల్వాన్ల తోడుతో అండర్‌టేకర్‌ను శవపేటికలో పెట్టి మూత వేశాడు. ఆ తర్వాత అతని ఆత్మ పైకి లేచిపోయినట్టు చూపించారు. ఆగస్టులో తిరిగి వచ్చాడు. వచ్చింది గూడ ఒక్కడు కాదు, నకిలీవాడు ఒకడు, అసలువాడు ఒకడు. నకిలీవాణ్ణి అసలువాడు ఓడించాడు. అసలు జరిగిందేమంటే, ఆ మనిషికి నడుముకు దెబ్బ తగిలి విశ్రాంతి తీసుకున్నాడు. ఆ విశ్రాంతికి అల్లిన కథ అది. బేతాళ కథలు, పరకాయ ప్రవేశం కథలు విని పెరిగిన పల్లెలో చచ్చి బతికే మనిషి కథకు గిరాకీ వుండడంలో వింత లేదు.

అట్ట ముక్కల మీద అంకెలు

టీవీ లేని ఇంటి పిల్లలకు గూడ ఈ పహిల్వాన్లందరూ తెలుసు. కిరాణా కొట్లలో, బడి ముందర బండ్ల మీద ట్రంపు కార్డులు అమ్మేవారు. ఒక్కో కార్డు మీద ఒక పహిల్వాన్ బొమ్మ. కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండ కొలతలు, ఆడిన కుస్తీలు. ఒకడు తన కార్డులోని కొలత చెబుతాడు. ఎదుటివాడి కార్డులో అంతకన్న తక్కువ వుంటే ఆ కార్డు వీడిదవుతుంది. ఇంగ్లీషు పుస్తకం చదవడానికి మొరాయించిన పిల్లవాడు గూడ ఈ కార్డుల మీది పేర్లు కూడబలుక్కొని చదివాడు. అడుగులు, అంగుళాలు, పౌండ్ల లెక్క పట్టుబడింది. తరగతిలో పంతుళ్లు కార్డులు గుంజుకోవడం, ఇంట్లో పొయ్యిలో పడేయడం మామూలే.

ఆ అంకెలన్నీ నిజమని పిల్లల నమ్మకం. కాని టీవీలో చెప్పిన కొలతలలో ఎచ్చులు చాలా వున్నాయి. జెయింట్ గొంజాలెజ్ అనే పహిల్వాన్ ఎత్తు ఎనిమిది అడుగులని ప్రకటించేవారు. అతను అర్జెంటీనాకు చెందిన బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఎనిమిది అడుగులకు కొన్ని అంగుళాలు తక్కువే. జపాన్ సుమో మల్లుడని చెప్పిన యోకోజునా జపాన్ వాడు కాడు. అతను సమోవా సంతతికి చెందిన అమెరికన్. అతి స్థూలకాయం వల్ల ఆరోగ్యం చెడి 2000 అక్టోబరులో మరణించాడు. ఇన్ని ఎచ్చుల నడుమ ఒక నిజం గూడ వుంది. కలశం పట్టిన ఆ లావుపాటి మనిషి నిజంగానే శవ సంస్కారాల వృత్తిలో వున్నవాడు.

గుట్టు ఎప్పుడో రట్టయింది

ఇక అసలు ప్రశ్నకు వస్తే, మన పల్లెల్లో అరుగుల మీద పంచాయితీ మొదలు కాకముందే అమెరికాలో దీని గుట్టు రట్టయింది. ఆ దేశంలో కుస్తీ, బాక్సింగు వంటి పోటీల మీద రాష్ట్ర ప్రభుత్వాల అజమాయిషీ వుంటుంది. లైసెన్సు కావాలి, వైద్య పరీక్షలు జరగాలి, పన్ను కట్టాలి. ఈ బాదరబందీ తప్పించుకోవడానికి 1989లో డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. వారే న్యూజెర్సీ రాష్ట్ర శాసనసభకు తమది పోటీ కాదనీ, ప్రేక్షకుల వినోదం కోసం ఆడే ప్రదర్శన అనీ చెప్పుకున్నారు. అంటే మన పిల్లలు చాయ్ పందాలు కాసేనాటికే ఫలితం బయటపడి వుంది. ఆ సంగతి మాత్రం మన దాకా రాలేదు.

ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందుగానే నిర్ణయిస్తారు. కథ రాసే వారు వేరే వుంటారు. ఒకడు మంచివాడు, ఒకడు దుష్టుడు. జనం విసిగేలోగా మంచివాడు దుష్టుడవుతాడు, దుష్టుడు మంచివాడవుతాడు. రింగు అడుగున ఉక్కు దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పైన పలుచని మెత్త, ఆపైన గుడ్డ. మనిషి పడితే చెక్కలు మోగి దెబ్బ పెద్దగా వినిపిస్తుంది. పిడికిలి విసిరేటప్పుడు కాలితో నేలను తన్నుతారు. చప్పుడు కాలిది, దెబ్బ చేతిది అనిపిస్తుంది. పట్టు పట్టుకున్నప్పుడు చెవిలో చెప్పుకుంటారు, తర్వాత ఏమి చేయాలన్నది. రిఫరీ గూడ వారిలో వాడే. ఇంకెంత సేపు ఆడాలో కబురు మోసేది అతనే.

కాబట్టి "ఉత్తుత్తిది" అన్నవారు గెలిచినట్టే. కాని పూర్తిగా గెలిచారనడానికి వీల్లేదు.

దెబ్బలు మాత్రం నిజం

ఎత్తి పడేసినప్పుడు గడ్డం రొమ్ముకు ఆనించి, వీపంతా ఒక్కసారిగా నేలకు తగిలేలా పడడం ఏండ్ల తరబడి నేర్చుకోవాలి. తప్పితే మెడ విరుగుతుంది. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్, మిక్ ఫోలీ అనే పహిల్వాన్‌ను ఇనుప జాలీ పంజరం పైనుంచి కిందికి తోశాడు. పదహారు అడుగుల ఎత్తు. కింద వున్న బల్ల మీద పడి అది ముక్కలయింది. తోయడం ముందే అనుకున్నదే. పడడం మాత్రం నిజం. అదే ఆటలో మళ్లీ పైకెక్కిన అతను పంజరం కప్పు ఊడి రెండోసారి కింద పడ్డాడు. రెండోసారి పడడం ఎవరూ అనుకున్నది కాదు.

1999 మే 23న కాన్సాస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే పహిల్వాన్‌ను స్టేడియం కప్పు నుంచి తాడు కట్టి దింపుతూ వుండగా కొక్కెం వూడి, దాదాపు 78 అడుగుల ఎత్తు నుంచి రింగులో పడి మరణించాడు. అతని వయసు 34 ఏండ్లు. శవాన్ని ఆసుపత్రికి తరలించి మిగతా ఆట కొనసాగించారు. అది చాలామంది ఇప్పటికీ మరువలేని తప్పు. ఆనాటి పహిల్వాన్లలో నలభై, యాభై ఏండ్లకే పోయిన వారు ఎందరో వున్నారు. నొప్పి తెలియకుండా మింగిన మందులు, కండల కోసం వాడిన మందులు, తీరిక లేని ప్రయాణాలు వారిని తినేశాయి. వారు కంపెనీ ఉద్యోగులు గారు. ఎవరికి వారు విడి కాంట్రాక్టు మీద ఆడేవారు. కాలు విరిగితే వైద్యం తప్ప పింఛను వంటి భరోసా లేదు. రోజు కూలికి పోయే వారికి ఈ సంగతి వివరించి చెప్పవలసిన పని లేదు.

పిల్లల మీద పడిన నీడ

టీవీ కుస్తీల వల్ల వినోదమే గాక కీడు గూడ జరిగింది. గడ్డివాము మీద నుంచి, మంచం కోడు మీద నుంచి తమ్ముడి మీదకు దూకిన అన్నలు ప్రతి వూళ్లోనూ వున్నారు. చేతులు విరిగాయి, పళ్లు రాలాయి. "ఇంటి వద్ద గాని బడిలో గాని ఇలా చేయరాదు" అని టీవీలో హెచ్చరిక వచ్చేది. అది ఇంగ్లీషులో వచ్చేది. చదివి చెప్పేవారు లేక ఆ బొమ్మలను గూడ ఆటలో భాగమే అనుకున్నారు.

1999లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో పన్నెండేండ్ల బాలుడి చేతిలో ఆరేండ్ల బాలిక చనిపోయింది. టీవీలో చూసిన కుస్తీ పట్లను అనుకరించబోతే అలా జరిగిందని బాలుడి వకీలు వాదించారు. కోర్టు నమ్మలేదు. 2001లో యావజ్జీవ శిక్ష పడింది, తర్వాత పై కోర్టు దాన్ని కొట్టివేసింది. వాదంలో నిజమెంతైనా, ఆడి చూపే వారికి వున్న శిక్షణ చూసే పిల్లలకు లేదన్నది మాత్రం స్పష్టం. నేడు ఫోను చేతికిచ్చి పనికి పోతున్న తల్లిదండ్రులు ఈ విషయం గమనించవలసి వుంది. ఆనాడు వారానికి ఒకటి రెండు మార్లు వచ్చిన ఆట ఈనాడు ఇరవై నాలుగు గంటలూ దొరుకుతోంది.

ఒగ్గు కథ చూసిన కళ్లకు

అబద్ధమని తెలిశాక ఎందరో మనసు కష్టపెట్టుకున్నారు. మోసపోయామని సిగ్గుపడిన వారున్నారు. చూడడమే మానేసిన వారున్నారు. కాని వూళ్లోని ముసలివారిలో చాలామందికి ఆ బాధ కలగలేదు. కారణం ఆలోచించదగినది.

కొమురవెల్లి మల్లన్న వెలసిన ప్రాంతం ఇది. ఒగ్గు కథ ఇక్కడి పల్లెకు ప్రాణం. మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పే బృందంలో మీసాలు తీసిన మగవాడే చీర కట్టుకొని అమ్మవారవుతాడు. పగలు గొర్రెలు కాసుకొన్న మనిషి రాత్రికి దేవుడవుతాడు. ఆ సంగతి చూసే వారందరికీ తెలుసు. అయినా కథలో పసివాడికి కష్టం వస్తే కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు. చుక్క సత్తయ్య వంటి కళాకారులు కథ చెబుతుంటే తెల్లవారేదాకా కదలని జనం అది వేషమని తెలియక కూచున్నారా? చిందు యక్షగానంలో ఎల్లమ్మ వేషానికి మొక్కిన వారికి లోపల వున్నది చిందు కళాకారిణి అని తెలియదా?

తెలిసీ నమ్మడం పల్లెకు చాతనవును. వేషం కట్టినంత సేపు దేవుడు దేవుడే. టీవీ కుస్తీలను గూడ ముసలివారు అట్లాగే చూశారు. పిల్లలు "నిజమా, అబద్ధమా" అని కొట్టుకుంటుంటే, "మనకెందుకురా, మంచిగ ఆడుతున్నరు, చూడుండ్రి" అని సర్దిచెప్పిన ముసలవ్వలే అసలు సంగతి పట్టుకున్నారనాలి. అయితే ఒక్క తేడా వుంది. ఒగ్గు కథకుడు అది కథ అని మొదటే చెబుతాడు. టీవీ వారు మాత్రం పిల్లలకు ఆ మాట చెప్పలేదు. కోపమొచ్చిన వారి కోపం అందుకే. అది న్యాయమే.

ఆట వూరికి వచ్చింది

కాలం మారింది. పాండా బొమ్మ గుర్తు గల వన్యప్రాణి సంరక్షణ సంస్థతో పేరు తగాదా కోర్టుకెక్కడంతో 2002లో డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. కాస్తా డబ్ల్యు.డబ్ల్యు.ఇ. అయింది. 2007 జూలైలో మన దేశానికి చెందిన దలీప్‌సింగ్ రాణా 'గ్రేట్ ఖలీ' పేరుతో అందులో ప్రపంచ చాంపియన్ కిరీటం పెట్టుకున్నాడు. హిమాచల్‌ప్రదేశ్‌లోని ఒక కుగ్రామంలో పుట్టి, కూలి పని చేసి, పంజాబ్ పోలీసులో చేరి, అక్కడి నుంచి అంత దూరం పోయిన మనిషి. ఫలితం ముందే రాసి పెట్టినదని తెలిసినా పల్లెల్లో టపాకాయలు కాల్చిన వారున్నారు.

2023 సెప్టెంబరు 8న ఆ ఆటే హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి వచ్చింది. జాన్ సీనా స్వయంగా వచ్చి ఆడాడు. చిన్నప్పుడు కరెంటు కోసం ఎదురుచూసిన పిల్లలు అప్పటికి పిల్లల తండ్రులయ్యారు. అండర్‌టేకర్ 2020 నవంబరులో సెలవు తీసుకున్నాడు. ఒకనాటి మహా పహిల్వాన్ హల్క్ హోగన్ 2025 జూలై 24న మరణించాడు. 2025 ఏప్రిల్ నుంచి ఈ ఆటలు మన దేశంలో నెట్‌ఫ్లిక్స్‌కు మారాయి. కేబుల్ తీగ అవసరం గూడ తీరింది. వాకిలి నిండా జనం కూచొని చూసిన ఆటను ఎవరి ఫోనులో వారు ఒంటరిగా చూస్తున్నారు. అరుగు మీద పంచాయితీ చేయడానికి ఇప్పుడు రెండో మనిషి లేడు.

మన్ను బరి సంగతేమిటి?

పెట్టెలో పహిల్వాన్లు కోట్లు సంపాదించారు. వూరి పహిల్వాన్‌కు దక్కింది కొబ్బరికాయ. టీవీ వచ్చిన ఏండ్లలోనే చాలా వూళ్లలో తాలీంలు మూతబడ్డాయి. ఇందుకు టీవీ ఒక్కటే కారణం కాదు. వలసలు, పట్నం చదువులు, పాలు-బాదం ఖర్చు, చూసుకునే ఉస్తాదు లేకపోవడం గూడ కారణాలే. ఏది ఏమైనా, దేహబలం మీద పిల్లలకు మోజు పుట్టిన కాలంలోనే దాన్ని నేర్పే చోటు లేకుండా పోవడం విచారకరం. నేర్పే చోటు వుంటే వారు గడ్డివాముల మీద నుంచి దూకేవారు గారు.

నిజామాబాద్ ఆడపిల్ల నిఖత్ జరీన్ 2022, 2023 సంవత్సరాలలో బాక్సింగులో ప్రపంచ విజేత అయింది. అది ముందుగా రాసి పెట్టిన గెలుపు కాదు. పల్లెలలో, చిన్న పట్టణాలలో సత్తా వుందనడానికి అంతకన్న రుజువు అక్కర లేదు.

కుస్తీ బరికి పెద్ద ఖర్చు లేదు. పది గజాల చోటు, రాళ్లు ఏరిన మెత్తని మన్ను, నూనె, పసుపు, తెలిసిన పెద్ద ఒకరు వుంటే చాలు. ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకొని, నగదు లేకుండా బేరం చేయడం నేర్చుకొని, పది వూళ్లకు దారి చూపిన ఇబ్రహీంపూర్ వంటి గ్రామాలు పూనుకుంటే బరి తవ్వడం ఒక లెక్క గాదు. గ్రామ పంచాయతీలు, యువజన సంఘాలు వచ్చే జాతరల నాటికైనా ఈ విషయం ఆలోచించాలి. ఆడపిల్లలకు గూడ అందులో చోటివ్వాలి.

తొలి కుస్తీ కొబ్బరికాయదే కావచ్చు. ఆ బరిలో దిగిన ఇద్దరు పిల్లలలో ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. చుట్టూ నిలబడిన వూరికీ తెలియదు. అది చూడడానికి ఫోను జేబులో పెట్టుకొని, జనం మళ్లీ ఒకచోట చేరుతారని పాత పహిల్వాన్ల ముచ్చట్లు విన్న వారికి అనిపించక మానదు.